కుండుడు అన్న మాట

రూతు బాపూ, వందనాలు.

నువ్వు పోయిన తర్వాత రెండో వానాకాలం కూడా వెళ్లిపోయింది. నేను బెల్లంపల్లిలోనే ఉన్నాను. మోకాళ్ల నొప్పి తప్ప బాగానే ఉన్నాను. మన బిడ్డ రూతుకు పెండ్లయింది... ఆ సంగతి చెప్పడానికే రాస్తున్నాను. సంతోషంగా రాయాల్సిన ఉత్తరమే. కానీ మనసులో ఒక అనుమానం చేరింది. ఇంకా పోలేదు.

అబ్బాయి వాళ్లది చొప్పదండి, వ్యవసాయం చేసుకునే ఇల్లు. అబ్బాయి మంచిర్యాల రైల్వే స్టేషన్‌లో పనిచేస్తాడు. వాళ్లూ మనలాగే యేసయ్య గుడికి పోయేవాళ్లే. మాట్లాడుకోవడానికి వచ్చిన రోజు అంతా బాగానే జరిగింది. టీలు తాగారు, నవ్వుకున్నారు. లేచేముందు అబ్బాయి తల్లి నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమనుకోకు వదినా... మీ ఆయన కుండుడంట గదా?"

నాకు అర్థం కాలేదు. కుండలు చేసే ఇంటివాళ్లమని అనుకుంటోందేమోనని, "కాదమ్మా, బొగ్గుబాయిల పనిజేసిండు" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. "మీ సంఘంలనే ఎవలో అన్నరు" అని బయటికి నడిచింది.

ఎవరు?... అప్పటి నుంచి గుడిలో ఎవరు నవ్వి పలకరించినా, నువ్వేనా చెప్పింది అని లోలోపల అడిగేదాన్ని. పాటలప్పుడు నా పక్కన నిలబడే ఆడవాళ్లను కూడా వదల్లేదు.

కొత్త పాస్టరు అయ్యగారు వయసులో చిన్నవారు, ఆదిలాబాద్ వైపు మనిషి. బైబిలు కాలేజీలో హీబ్రూ చదువుకున్నారట. వెళ్లి ఆ మాట ఏమిటని అడిగాను. ఆయన ముఖం మారింది. ద్వితీయోపదేశకాండం తీసి ఒక వచనం మీద వేలు పెట్టారు. కుండుడైనవాడు దేవుని సమాజంలోకి రాకూడదట. పదో తరం దాకా అంతేనట. భర్త కానివాడి వల్ల పుట్టిన బిడ్డను తెలుగులో అలా అంటారని చెప్పారు.

నిన్ను పసిగుడ్డుగా ఎవరో మిషన్ ఆవరణలో వదిలి వెళ్తే, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే పాపమ్మవ్వ పెంచిందని నాకు తెలుసు. తెలిసే చేసుకున్నాను. దానికి ఇలాంటి పేరొకటి ఉందని మాత్రం తెలియదు. నీకు తెలుసా?

మన పెండ్లయిన కొత్తలో నిన్ను సంఘపెద్దను చేద్దామనుకున్నారు. ఆ ఆదివారం కమిటీకి వెళ్లినవాడివి వెళ్లినట్టే తిరిగొచ్చావు. ఏమైందని అడిగితే, "గవన్నీ మనకెందుకే... జర ఊకో" అన్నావు. ఆ తర్వాత ఎప్పుడూ తలుపు దగ్గరి చివరి బెంచీలోనే కూర్చున్నావు. "గీడ గాలి మంచిగొస్తది" అనేవాడివి. ఇన్నేళ్లూ అది గాలి కోసమేననుకున్నాను.

హీబ్రూలో అక్కడున్న మాట మమ్‌జేర్ అట. పాత నిబంధన మొత్తంలో రెండే చోట్ల కనిపిస్తుందట. "అమ్మా, గది ఏ మూలంకెల్లి పుట్టిందో పండితులకే పక్కాగ తెల్వది" అన్నారు అయ్యగారు. పెండ్లాడకూడని వావివరసల వాళ్లకు పుట్టిన బిడ్డ అని కొందరంటారట. పరజాతితో కలిసి పుట్టినవాళ్లని ఇంకొందరు. జెకర్యా గ్రంథంలో ఒక పట్టణంలో చేరే పరాయి జనాన్ని ఆ మాటతోనే పిలిచారట. తల్లీ తండ్రీ ఎవరో తెలియని పసిబిడ్డ అని మాత్రం ఎక్కడా లేదట.

నన్ను ఊరడించడానికే అంటున్నారా? చదువుకున్నవాళ్లు ఒక మాటను ఎటు కావాలంటే అటు తిప్పగలరు... అందుకే గట్టిగానే అడిగాను. "అర్థమే తెల్వనప్పుడు, మా ఆయన్ను దూరం పెట్టెటందుకు ఎట్ల తెలిసింది అయ్యగారూ?"

ఆయన బైబిలు నా వైపు తిప్పారు. తర్వాత కింది వచనం చదవమన్నారు. మోయాబు వాళ్లు కూడా పదో తరం దాకా రాకూడదని ఉంది అక్కడ.

"మరి రూతు ఎవలమ్మా? మోయాబు పిల్లనే గదా. దావీదు రాజు ఆమె మునిమనుమడు. దేవుడు ఆమెను బయట నిలవెట్టలే."

మన బిడ్డ పేరూ అదే కదా. బిడ్డ పుట్టినప్పుడు మా అవ్వ మరియ అని పెడదామంటే నువ్వు వినలేదు. ఎందుకని అడిగితే, "గా పేరైతెనే మంచిగుంటది" అన్నావు. అంటే... తెలిసే పెట్టావా? ఆ పేరు పిలిచినప్పుడల్లా ఎవరికి జవాబు చెప్పుకున్నావు? నాతో ఒక్క మాట అనడానికి ఏమడ్డమొచ్చింది?

అయ్యగారు చొప్పదండి వెళ్లి మాట్లాడి వచ్చారు. వాళ్లు సరేనన్నారు. ఆ సరే మీద కూడా నాకు నమ్మకం కుదరలేదు. పెండ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు కదా, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. మొదటి రెండు వారాలూ నేను జనం ముఖాలే చూశాను. ఎవరు దగ్గినా అటు తిరిగేదాన్ని.

మూడో ఆదివారం శామ్యూలు పెద్దాయన కర్ర ఆనించి లేచాడు. ఆనాటి కమిటీవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. రూతు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గీ పిల్ల బాపును సంఘపెద్దను చెయ్యొద్దని గా వచనం సదివింది నేనే. గా మాటకు అర్థం నాకప్పుడు తెల్వది, ఇప్పుడు తెల్వది. తప్పు జేసిన. గీ పెండ్లికి ఎవ్వలన్న అడ్డమొస్తే ముందుగాల్ల నాతోని మాట్లాడుండ్రి."

ఎవరూ లేవలేదు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. తెలియనివాళ్లకు కూడా ఆ రోజు తెలిసిపోయింది కదా... ఆయన నీకు మేలు చేశాడా, తన బరువు దించుకున్నాడా?

గుడి బయట ఆపి అడిగాను, చొప్పదండి వాళ్లకు చెప్పింది మీరేనా అని. "నేను జెప్పలే బిడ్డా" అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. ముసలివాళ్ల కళ్లలో నీళ్లు ఊరికే వస్తాయి. నమ్మాలో వద్దో తేల్చుకోలేక, వందనాలు చెప్పి వచ్చేశాను.

పెండ్లిరోజు బిడ్డను గుమ్మం నుంచి ముందుదాకా మా తమ్ముడు నడిపిస్తానన్నాడు. వద్దని నేనే నడిపించాను. అత్త బాగానే చూసుకుంటోందట. నేను మాత్రం ఫోన్‌లో బిడ్డ గొంతునే పట్టిపట్టి వింటాను, ఏమైనా దాస్తోందేమోనని. దాచుకోవడంలో నీ బిడ్డే కదా.

ఇప్పుడు దానికి మూడో నెల.

పుట్టబోయే బిడ్డ పెద్దయి, తాత ఎవరని అడుగుతుంది. నిన్ను ఎక్కడ వదిలి వెళ్లారో, ఎవరు ఎత్తుకున్నారో, ఏ మాట అని వెనక్కి పంపారో అంతా చెబుతాను. నువ్వు వద్దన్నా చెబుతాను.

ఉంటాను మరి.

నీ సుశీల