సోడాకు పంపే డాక్టరు

శుక్రవారం, దేవరుప్పుల

ఐదేళ్లుగా నా మనసు జబ్బుకు మందులిచ్చిన పెద్ద డాక్టరు రిటైరయ్యారు. ఈరోజు వరంగల్‌లో కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన నన్నడిగిన ప్రతిదానికీ మా ఆయనే జవాబు చెప్పాడు.

"మంచిగనే ఉంటది సార్. జర భయపడ్తది, గంతే."

నేను కొంగు చివర చూసుకుంటూ కూర్చున్నాను.

పెద్ద డాక్టరైతే ముందు మా ఆయనను గోలీసోడాకు పంపేవారు. తలుపు మూసుకున్నాక, "ఇగ చెప్పు బిడ్డా" అనేవారు. అప్పుడు నాకు మాటలొచ్చేవి.

తిరిగొస్తుంటే బస్సులో మా ఆయన నవ్వాడు.

"గా ముసలాయన నాతోని గన్ని సోడాలు తెప్పిచ్చిండు. ఒక్కటన్న తాగంగ సూడలే. ఎందుకంటవే?"

నేను కిటికీ వైపు తిరిగాను. చెబితే నొచ్చుకుంటాడేమో.

వచ్చే నెల, ఎవరూ పంపకుండానే, తనే సోడాకని లేచి బయటికి వెళ్తే ఎంత బాగుండు.