రొట్టె మీద జామ్

1997 మే 5, సోమవారం

ఈ డైరీ మొదలుపెట్టినందుకు సమస్త మానవాళికీ, ముఖ్యంగా దీన్ని ఎన్నటికీ చదవబోని వారికీ, సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. కాకినాడలో స్టాటిస్టిక్స్ చదివి, తెల్లవాళ్ళ పాలన మూడేళ్ళ కిందటే పోయిన ఈ దేశానికొచ్చి, సిడెన్‌హామ్‌లో అక్క చేతి ఇడ్లీలు తింటూ పడున్న నాకు ఉద్యోగం దొరికింది. పిల్లలు పొద్దున ఏం తింటారో, ఎంత పరిగెత్తుతారో రాయించుకోవాలి. మూడు స్కూళ్ళు. ఎక్కడ ఎక్కువమంది ఖాళీ కడుపుతో వస్తారో ఆ స్కూలుకి జూన్ నుంచి రోజూ రొట్టె, పాలు.

సూపర్‌వైజర్ రాజెన్ అన్న తాతల కాలంలో వలసొచ్చిన తెలుగువాళ్ళ బిడ్డ, ఇక్కడి ఇసిపింగోలోనే పుట్టినవాడు. తెలుగు తిట్టడానికి మాత్రమే వాడతాడు. స్కూళ్ళలో వేషాలెయ్యకు తమ్మీ అని ముందే చెప్పాడు.

మే 7

మొన్నటిదాకా తెల్లపిల్లలకే పరిమితమైన స్కూలు. హాకీ గ్రౌండు, స్విమ్మింగ్ పూల్. ఆడపిల్లల్లో సగంమంది పొద్దున ఏమీ తినలేదని గర్వంగా రాశారు. డైటింగట.

మే 8

ఇసిపింగో. మనవాళ్ళ స్కూలు. చిప్స్, కోక్. పరిగెత్తమంటే ఆస్త్మా సర్టిఫికెట్లు తీశారు. రక్తసంబంధం అంటే ఇదే.

మే 12

టౌన్‌షిప్ స్కూలు. టౌన్‌షిప్ అంటే తెల్లవాళ్ళు నల్లవాళ్ళని ఊరవతలికి నెట్టిన పేట. కిటికీలకు అద్దాల్లేవు. మొదట ఫారం తెచ్చిచ్చిన పిల్ల పేరు జిన్‌హ్లే. ఆటల గడిలో ‘లేదు’ అని రాసింది. రోజూ గంటన్నర నడిచి వస్తుందట. మరి అది రాయలేదేం అంటే, అది ఆటెలా అవుతుందని నన్నే అడిగింది. నడకకి మా ఫారంలో గడి లేదు.

తరవాత నేనో చిన్న జోకేశాను. క్లాసు గొల్లుమంది. ఆ వెంటనే అందరికీ రబ్బరు కావలసొచ్చింది. నలభై రెండుమంది, ఒకటే రబ్బరు. బెంచీ బెంచీ తిరిగింది.

పరుగులో నాలుగో రౌండుకే జిన్‌హ్లే కూలబడింది. బూట్లు బిగుతట.

మే 23

లెక్క తేలింది. టౌన్‌షిప్ స్కూల్లో నలభై రెండుకి నలభై రెండుమందీ పొద్దున రొట్టె మీద జామ్ తిన్నారు. రాజెన్ అన్న ఫారాలు తిరగేసి, ఒరే, ఈ జామ్ ఏ చెట్టుకి కాస్తోంది రా అన్నాడు. నవ్వాను. మళ్ళీ వెళ్ళి అడుగుదామా అన్నాను, నాకే వినపడనంత చిన్నగా. పైవాళ్ళు ఒప్పుకోరట. కొత్త దేశంలో రంగు చూసి పెట్టకూడదట, కాగితం చూసి పెట్టాలట.

రొట్టె హాకీ గ్రౌండు స్కూలుకి.

మే 24

అక్క ఇడ్లీలు పెట్టింది. తినలేదు.

జూన్ 9

రొట్టె వ్యాను మొదటిరోజు. ఫోటో కోసం నేనూ వెళ్ళి నిలబడ్డాను. అమ్మాయిలు ఒక్క ముక్క కొరికి మిగతాది గ్రౌండులో పక్షులకి విసిరారు. పక్షులు డైటింగ్ చెయ్యడంలేదు.

ఆఫీసుకొచ్చేసరికి రాజెన్ అన్న ఫోన్ పెట్టేసి కూర్చుని ఉన్నాడు. టౌన్‌షిప్ స్కూలు టీచరు మేవిస్ చేసిందట. వ్యాను దారి తప్పిందా అని అడిగిందట. పిల్లలు పాలకి కప్పులు తెచ్చుకున్నారట.

ఈసారి నన్ను తిట్టలేదు. తెలుగులో కూడా.

జూన్ 10

మే 12న నేను రాయకుండా దాటేసిన జోకు ఇది. ఆ రోజు జిన్‌హ్లే తిండి గడిలో పెన్సిలుతో ఒక గీత గీసిచ్చింది. అంతే, గీత. ఆ కాగితం పైకెత్తి క్లాసంతటికీ చూపించి, ఈ గీతకి జామ్ పూసుకుని తిన్నావా తల్లీ అన్నాను.

నేను చేసింది అదొక్కటే.

తను రబ్బరు అడిగింది. నాదే ఇచ్చాను.