జితేందర్ గురువుగారి గిటార్

కోరుట్ల, జూన్ 3

బాలయ్యన్నకు ఊర్మిల నమస్కారాలు.

నేత సాంచాల, ఆ మరమగ్గాల చప్పుడుకు మీ చెవులు మందమయ్యాయి. ఫోన్ చేస్తే ఇద్దరం అరుచుకోవడమే కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మా ఆయన జితేందర్ పోయి ఏడాది కావస్తోంది. ఆయన గిటార్‌ను బస్సు పార్సిల్‌లో సిరిసిల్లకు పంపుతున్నాను. ముప్పై ఏళ్లనాటిది. "నాకు నేర్పింది సిరిసిల్ల బాలన్ననే" అని బతికినన్నాళ్లూ అందరికీ చెప్పేవాడు. అది గురువు దగ్గరే ఉండాలని మా అమ్మాయి భాగ్యశ్రీ పట్టుబట్టింది.

మీ చెల్లె, ఊర్మిల

తా.క. ఎండ తగిలే గోడకు ఆనించకండి. చెక్క చీలుతుంది.

సిరిసిల్ల, జూన్ 9

చెల్లె ఊర్మిలకు బాలయ్య ఆశీస్సులు.

గిటార్ చేరింది. నీ ఉత్తరం నా భార్య విజయకు రెండుసార్లు చదివి వినిపించాను. నలభై ఏళ్లు సాంచాలు నడిపాను కానీ నన్ను గురువు అన్నవాళ్లు ఇంతవరకు లేరు. వాయించి చాలాకాలమైంది, చేతులు మరిచిపోయాయి.

బాలయ్య

తా.క. తీగలు గోడవైపు ఉండాలా, మనవైపు ఉండాలా?

కోరుట్ల, జూన్ 13

అన్నా, దండాలు.

మీ తా.క. చదివి భాగ్యశ్రీ పడీపడీ నవ్వింది. "గంత పెద్ద మనిషి గిట్ల పరాష్కాలు ఆడుతుండు సూడమ్మా" అంది. ఈ నెల 28న జగిత్యాలలో తను పనిచేసే బడిలో వాళ్ల నాన్న జ్ఞాపకంగా సభ పెడుతోంది. మీరు వాయిస్తారని కార్డులు కూడా అచ్చు వేయించింది.

ఊర్మిల

తా.క. పాత గిటార్ తీగలు మరీ బిగిస్తే పొట్ట ఉబ్బుతుంది. కాస్త వదులుగా ఉంచండి.

సిరిసిల్ల, జూన్ 17

చెల్లెకు,

కుడిచేతి చూపుడువేలు తలుపు సందులో పడి నలిగింది. గిటార్ సంగతి అటుంచి, కలం కూడా పట్టలేకపోతున్నాను. సభకు రాలేనేమో.

బాధతో, బాలయ్య

తా.క. పొట్ట రోజూ నొక్కి చూస్తున్నాను. ఉబ్బలేదు.

కోరుట్ల, జూన్ 19

అన్నకు,

"మూడు వేళ్లతోని వాయించినా సాలు" అంటోంది భాగ్యశ్రీ. మీకోసం కారు మాట్లాడింది.

ఊర్మిల

తా.క. నలిగిన వేలితో ఇంత గుండ్రంగా రాసినవాళ్లను నేను చూడలేదు.

సిరిసిల్ల, జూన్ 22

చెల్లె ఊర్మిలకు ముఖం చెల్లని బాలయ్య రాసేది.

నాకు గిటార్ రాదు. నువ్వు పంపేదాకా దాన్ని ముట్టుకున్నది కూడా లేదు. జితేందర్ ఆదివారాలు మా ఇంటికి వచ్చి చాయ్ తాగి కబుర్లు చెప్పేవాడు, అంతే. మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. గురువు అన్న మాట వదులుకోబుద్ధి కాలేదు.

దానికన్నా పెద్ద తప్పు చేశాను. వారంలో నేర్చుకుందామని కూర్చున్నాను. మోత సరిగ్గా వినపడక, మగ్గం మీద పోగులు బిగించినట్లు తీగలు బిగించాను. కింద తీగలు పట్టుకునే చెక్కపట్టీ ఊడి, ఎగిరి పప్పుగిన్నెలో పడింది. విజయ చూసి, "గురువుగారూ, గది గూడ కలుపుకొని తినుండ్రి" అంది. పోయిన స్నేహితుడి వస్తువును పాడుచేశాను. నీ ముందుకు ఎట్లా రావాలో తెలియడం లేదు.

బాలయ్య

తా.క. పక్కింటి రజిత తన బిడ్డకు నేర్పమని రోజూ వస్తోంది. నేను వెనక తలుపు నుంచి తిరుగుతున్నాను.

కోరుట్ల, జూన్ 25

అన్నా,

సిగ్గుపడాల్సింది మీరొక్కరే కాదు. మీకు రాదని నాకు మొదటినుంచీ తెలుసు. ఆయనకు నేర్పింది నేను. ఆ గిటార్ నాది, పెళ్లికి ముందు మా నాన్న కొనిచ్చాడు. భార్య దగ్గర నేర్చుకున్నానని చెప్పుకోవడం ఆయనకు నామోషీ. అందుకే మీ పేరు చెప్పేవాడు. నేను పక్కనే నిలబడి వచ్చినవాళ్లకు చాయ్‌లు ఇచ్చేదాన్ని.

పోయిన మనిషి అబద్ధమాడాడని బిడ్డతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీరు "నాకు రాదు" అని రాస్తే, ఆ కాగితం చూపించి నిజం చెబుదామనుకున్నాను. మీరేమో గురువైపోయారు!

నిన్న మీ ఉత్తరం భాగ్యశ్రీ చేతిలో పెట్టి అంతా చెప్పాను. "గిన్నేండ్లు నువ్వెందుకు చెప్పలేదే అమ్మా?" అంది. తలొంచుకున్నాను. అది లేచి పోయి కార్డులు మార్చమని ప్రెస్సుకు ఫోన్ చేసింది.

ఈ ఉత్తరం మీకోసం మాట్లాడిన కారు డ్రైవరు చేతికే ఇచ్చి పంపుతున్నాను, రేపే ఆ కారులో గిటార్ తీసుకుని రండి. పాత జిగురు గీకి, కొత్తది రాసి, బిగించి ఒకరోజు కదపకుండా ఉంచితే పట్టీ అతుక్కుంటుంది. ఇదివరకు రెండుసార్లు నేనే అతికించాను. 28న నేనే వాయిస్తాను.

మీ ఊర్మిల

తా.క. ప్రెస్సువాడు కొత్త కార్డుల మీద "శ్రీమతి జితేందర్" అని వేశాడు. పెన్ను పట్టుకుని ఒక్కొక్కటి కొట్టేసి "ఊర్మిల" అని రాస్తున్నాను. ఇరవై రెండు అయ్యాయి, ఇంకా వంద ఉన్నాయి. మీ వేలు బాగానే ఉంది కదా, వచ్చి సాయం పట్టండి.