అందరికీ ఒకటే రోలరు

వదినకి,

నమస్కారాలు. ఇక్కడ మేం బాగున్నాం, నువ్వూ అన్నయ్యా బాగున్నారని తలుస్తాను. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటి అంటావా? ఫోన్లో మనం మాట్లాడుకోవడమంటే నువ్వు మాట్లాడటమే. కాగితమైతే నా వంతు నాకు దక్కుతుంది.

ఒక సాయం చేసిపెట్టాలి. చిన్నప్పటి మొటిమలు బుగ్గల మీద గుంటలు మిగిల్చి పోతాయి కదా, వాటికిప్పుడు సన్నటి సూదులున్న రోలరుతో చికిత్స చేస్తున్నారట. మీ ఊళ్ళో రెండు చోట్లున్నాయి. ఒకటి పెద్ద వీధిలో చర్మ డాక్టరు క్లినిక్, రెండోది కూరగాయల మార్కెట్ వెనక బ్యూటీ పార్లర్. ఎక్కడ భయం లేదో చూసి చెప్పు. ముఖం కదా వదినా, చెడిపోతే చీర కొంగు కింద దాచుకునే వస్తువు కాదు.

ఎవరికి, ఎందుకు అని మాత్రం అడక్కు.

ఇట్లు,
బస్టాండు టికెట్ కౌంటర్లో నలుగుతున్న నీ ఆడపడుచు

తా.క. అన్నయ్య దగ్గర ఈ మాట ఎత్తకు. సిగ్గుతో చచ్చిపోతాడు.

---

ఆడపడుచుకి,

ఆశీస్సుల మీద నాకు నమ్మకం లేదు కనుక అభినందనలు.

ఎవరికని అడగనవసరం లేదు, అర్థమైంది. నీ బుగ్గల మీద గుంటలు నాకెన్నడూ కనబడలేదంటే ఎంత మందాన పౌడరు మెత్తుతున్నావో ఊహించుకుని బాధపడ్డాను. అసలు ఆడదాని ముఖం ఎవడి ఆస్తి? ఈ వ్యాపారం ముందు మనకి లోపాన్ని అమ్ముతుంది, ఆ తర్వాత దానికి మందు అమ్ముతుంది. దీనిమీద మా పత్రికలో వ్యాసం రాస్తున్నాను. నీ పేరు పెట్టను, భయపడకు.

అయినా అడిగావు కాబట్టి, బడిలో నా పాఠాలు ముగించుకుని రెండూ చూసొచ్చాను. ఆ క్లినిక్ మెట్లకి పాలరాయి! లోపల డాక్టరమ్మ చెప్పిన మొదటి మాట "గుంటలు పూర్తిగా పోవు, కొంత తగ్గుతాయి" అని. తన వైద్యం మీద తనకే నమ్మకం లేదు! పైగా వాపు రావచ్చు, మచ్చ పడొచ్చు, ముందు కొంచెం చోట చేసి చూడాలి అంటూ భయపెట్టింది. వచ్చినవాళ్ళని తరిమెయ్యడానికి జీతమిస్తున్నారా ఆవిడకి?

పార్లర్ మాత్రం మనది. నడిపేది కష్టపడి పైకొచ్చిన ఆడమనిషి. అక్కడ లేనివాళ్ళకో తీరు, ఉన్నవాళ్ళకో తీరు లేదు. అందరికీ ఒకటే రోలరు! సమానత్వం గురించి నేనిన్నేళ్ళుగా రాస్తున్నాను, చేసి చూపించింది ఆవిడ. నిశ్చింతగా అక్కడికే వెళ్ళు.

ఇట్లు,
నీ పోట్లాట వదిన

తా.క. ఆవిడ నా ముఖం చూసి, "అక్కా, కనుబొమల మధ్య ఆ గీతలు తీసేద్దామా?" అంది. ఒక్కో గీత వెనక ఒక్కో ఉద్యమం ఉందని చెప్పాను. "అందుకే అంత లోతుగా ఉన్నాయి" అంది. మంచి మనిషి.

---

వదినకి,

నమస్కారాలు తర్వాత, ముందు ఇది చదువు. అందరికీ ఒకటే రోలరు అని రాశావు. ఆ రోలరుకి సూదులుంటాయి. ఆ సూదులు చర్మంలో దిగుతాయి. రక్తం తగులుతుంది. ఇప్పుడు నీ వాక్యం మళ్ళీ చదువుకో.

కల్తీ నూనె మీద నువ్వు రాసిన వ్యాసం నా దగ్గరుంది. "ఎవరు తయారుచేశారు? ఎవరు పరీక్షించారు? ఏదైనా జరిగితే ఎవరు జవాబుదారీ? ఈ మూడూ అడగకుండా ఏదీ మీ ఒంట్లోకి పోనివ్వకండి" అని నువ్వే అన్నావు. నూనెకైతే అడుగుతావు, సూదికి అడగవా? ఆ పార్లర్‌కి మళ్ళీ వెళ్ళి అడుగు. ఇవాళే వెళ్ళు. మీ ఇంట్లో ఫోన్లు ఎవరూ ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. నీ మాట మీద ఇప్పటికే అక్కడికి బయల్దేరారు... అంటే, బయల్దేరేవాళ్ళుంటారు కదా అని.

తొందరలో,
నీ ఆడపడుచు

తా.క. రోజూ గడ్డం గీసుకునే బుగ్గలకి ఈ చికిత్స పనికొస్తుందా అని డాక్టరమ్మని కనుక్కో.

---

ఆడపడుచుకి,

నీ ఉత్తరం గుమ్మంలోనే చదివాను. ఉన్నపళంగా పార్లర్‌కి పరుగెత్తాను.

"ఈ రోలరు కొత్తదా?" అన్నాను. "రోజూ వేణ్నీళ్ళలో ముంచుతాం అక్కా" అంది. "ఈ సీసాలో మందేమిటి?" "మెరుపు మందు." "పేరు?" "చీటీ ఊడిపోయింది." "నీకు నేర్పిందెవరు?" "ఫోన్లో చూసి నేర్చుకున్నా. చెయ్యి తిరిగింది." "ఎవరికైనా ముఖం వాస్తే?" "ఇంతవరకూ ఎవరూ తిరిగొచ్చి చెప్పలేదు" అంది, అదేదో బిరుదులాగా!

కుర్చీలో ఓ పెద్దమనిషి ముఖమంతా తిమ్మిరెక్కించే తెల్ల క్రీము పూయించుకుని పడుకుని ఉన్నాడు. కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. "అయ్యా, లేవండి! ఆ సూదుల మీద ఊళ్ళో అందరి రక్తం ఉంది!" అన్నాను. నా గొంతు వినగానే ఎగిరి గంతేసి, ఆ క్రీముతోనే దొడ్డి గుమ్మంలోంచి పారిపోయాడు. నా వాదనకి అంత తొందరగా ఒప్పుకున్న మగవాణ్ణి నా జన్మలో చూడలేదు.

పార్లర్ ఆవిణ్ణి వదిలిపెట్టలేదు. రోలరు చెత్తబుట్టలో వేయించాను. జుట్టు కత్తిరించుకో, గోళ్ళకి రంగులేసుకో, సూది జోలికి పోయావంటే ఫిర్యాదు చేస్తానన్నాను.

అక్కణ్ణుంచి పాలరాతి మెట్లెక్కాను. డాక్టరమ్మ తన చదువు పట్టా గోడ మీద చూపించింది. ఒక్కొక్కరికీ కొత్త సూదులు, వాళ్ళ కళ్ళ ముందే పొట్లం విప్పుతుందట. ఏ మందులు వాడుతున్నారు, ఏవి పడవు అని అడిగి తెలుసుకుంటుందట. తేడా వస్తే అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యమంటుంది. పోయినసారి నన్ను భయపెట్టిందనుకున్నాను. నిజం చెప్పింది. నిజం వినడం నాకే అలవాటు తప్పినట్టుంది.

ఇట్లు,
సిగ్గుపడుతున్న వదిన

తా.క. గడ్డం సంగతి కనుక్కున్నాను. చికిత్స తర్వాత కొన్నాళ్ళు గీసుకోకూడదట. నువ్వు రోజూ గీసుకుంటున్నావని తెలిసి నీ మీద గౌరవం పెరిగింది. ఆడవాళ్ళ గడ్డం మీద ఎవరూ రాయలేదు. నేను రాస్తాను.

ఇంకో తా.క. మీ అన్నయ్యకి పన్నునొప్పి. నిన్న ముఖం కడిగి కడిగి వచ్చి, ముద్దముద్దగా మాట్లాడాడు.

---

వదినకి,

వెయ్యి నమస్కారాలు. నువ్వు చేసిన మేలు ఎంతటిదో నీకు తెలియదు. ఆ క్రీము పెద్దమనిషి తరఫున కూడా నీకు దణ్ణం. శనివారానికి క్లినిక్‌లో మాట్లాడి పెట్టాం. నువ్వు మాత్రం రావొద్దు. ఒట్టు.

ఇట్లు,
ఎప్పటికీ రుణపడిన నీ ఆడపడుచు

తా.క. గడ్డం వ్యాసం ఇప్పుడే అచ్చుకివ్వకు. దయచేసి.

---

ఆడపడుచుకి,

రావొద్దంటే రాకుండా ఉండేదాన్నా? నీకు తోడుగా కూర్చోవాలని వెళ్ళాను. నువ్వు లేవు. బెంచీ మీద మీ అన్నయ్య, ఒళ్ళో చేతులు పెట్టుకుని, బడిలో పిల్లాడిలా.

"నువ్వేంటిక్కడ?" అన్నాను.

"చికిత్సకి."

"ఎవరికి?"

"ఉన్నది ఇద్దరం. నీకైతే కాదు."

దీపం వైపు బుగ్గ తిప్పి చూపించాడు. నిజమే, గుంటలున్నాయి. పెళ్ళికి ముందు నుంచీ ఉన్నాయట. "నాకెప్పుడూ కనబడలేదే!" అన్నాను.

"నీకు కనబడవు, అది నా అదృష్టం. అద్దంలో నాకు కనబడతాయి. నీతో చెబితే వ్యాసం రాస్తావని చెల్లెలితో చెప్పుకున్నా."

"మగాడివి, నీకెందుకీ సోకు?" అనబోయి ఆగాను, కానీ కనిపెట్టేశాడు. "ఎవరి శరీరం మీద వాళ్ళదే హక్కు అని రాసింది నువ్వే కదా" అన్నాడు. అది ఆడవాళ్ళ గురించి రాశానన్నాను. "మాకు ఒళ్ళుండదా?" అన్నాడు.  ఇంటికొచ్చాక ఆ వ్యాసం తీసి, 'ఆడవాళ్ళు' అన్నచోటల్లా 'మనుషులు' అని దిద్దుతున్నాను.

అప్పుడు తట్టింది, ఆ క్రీము మనిషెవరో. నేను మెచ్చుకున్న రోలరు కిందికి మీ అన్నయ్యని నేనే పంపించాను. ఆయన పక్కనే కూర్చుని, ఆ బుగ్గ మళ్ళీ దీపం వైపు తిప్పి, సూది గాటేమైనా ఉందేమోనని వెతికాను. నువ్వా ఉత్తరం రాయకపోతే, నా ప్రశ్నలు నాకే తిప్పికొట్టకపోతే? వద్దులే. బతికున్నన్నాళ్ళూ నీకు రుణపడి ఉంటాను. ఈ మాట నేనెవరితోనూ అనలేదని నీకు తెలుసు.

డాక్టరమ్మ చెవి వెనక కొంచెం చోట చేసి చూసింది. వాపు లేదు. మిగతాది వచ్చే వారం. పొట్లం నా ఎదురుగానే విప్పింది, నేను సీలు నా చేత్తో తడిమి చూశాకే.

ఇట్లు,
మీ అన్నయ్య బుగ్గలకి కాపలా ఉన్న వదిన

తా.క. వచ్చేముందు, నా కనుబొమల మధ్య గీతల గురించి డాక్టరమ్మని ఊరికే అడిగాను. "మందు అక్కర్లేదు, వాదించడం తగ్గిస్తే ఇంతకంటే లోతెక్కవు" అంది. దాని మీద చాలాసేపు వాదించాను.