గోడ మీద ఖాసింబీ

జూలై 8, మంగళవారం

ఇవ్వాళ ఇక్కడ రాసుకోకపోతే రేపు ఆఫీసులో అరిచేస్తాను. అరిస్తే ఉద్యోగం పోతుంది. అందుకే రాస్తున్నాను.

ఖాసింబీ ఇవ్వాళ కూడా పనికి రాలేదు. నేను సూపర్‌వైజరుగా ఉన్న ఉదయగిరి షెడ్డులో చెక్క గరిటెలు ఆమె చెక్కినట్టు ఇంకెవరూ చెక్కలేరు. రాకపోవడానికి కారణం జ్వరం కాదు. గోడ మీద మేం తగిలించిన ఆమె ఫోటో.

పోయిన వారం వీడియో కాల్. మా గరిటెలు కొనే జర్మనీ కంపెనీ నుంచి మార్తా. "మీలో బెస్ట్ ఎవరు?" నేను పలకలేదు. ఆత్మకూరు నుంచి వచ్చి పక్కనే కూర్చున్న ఓనర్ సుధాకర్ గారు ఖాసింబీ పేరు చెప్పేశారు, అందరి ముందూ. మర్నాడే ఆమె ఫోటోకు ఫ్రేము కట్టించి పంపారు. మేకు కొట్టించింది నేనే.

షెడ్డులో పనిచేసే వెంకటమ్మ చూసి, "బతికుండంగానే పటం కట్టినారే. దండ నేను తెస్తాలే."

జూలై 9

షెడ్డులో ఎవరూ పెట్టని ఒక పద్ధతి ఉంది. ముందు పనైపోయిన మనిషి పక్కామె కుప్పలోంచి గరిటెలు తీసుకుని చెక్కుతుంది. అందరిదీ అయ్యాకే అందరూ లేస్తారు. ముసలి రమణమ్మకు చేతులు వణుకుతాయి. ఆమె గరిటెల్లో సగం ఖాసింబీ చేతివే.

శనివారం ఖాసింబీ చెయ్యి చాపితే రమణమ్మ కుప్పను వెనక్కి లాక్కుంది. "నీది బెస్టు చెయ్యి. మా దాంట్లో పెట్టబాక."

ఖాసింబీ ఆకురాయి దులిపి సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

జూలై 10

ఆన్‌లైన్ ట్రైనింగ్. వేరే దేశాల వాళ్లతో కలిసి టీమును నడిపించడం ఎలా... కళ్లలోకి చూడాలి. సూటిగా మాట్లాడాలి. బాగా చేసినవాళ్లను అందరి ముందు మెచ్చుకోవాలి. నేర్చుకోవాల్సిందంతా నేనే. మా గురించి మార్తాకు ఎవరైనా ఒక్క గంట క్లాసు పెట్టారా? ట్రైనర్‌ని అడిగాను కూడా.

"మంచి ప్రశ్న, చివర్లో తీసుకుందాం."

చివర్లో సర్టిఫికెట్ వచ్చింది.

జూలై 11

ఖాసింబీ ఇంటికి వెళ్లాను. టీ ఇచ్చింది. ఫోటో తీసేస్తానన్నాను.

"తీస్తే ఆ మాట పోద్దా పాపా? నేనేమన్నా అడిగినానా? ఇన్నేళ్లు వాళ్ల మధ్యన కూర్చున్నా. నన్ను లేపి గోడకి కొట్టినారు."

రా అక్కా అన్నాను.

"పక్కన మనిషి గరిటె ముట్టుకోనీకపోతే వచ్చి ఏం చేయాల?"

టీ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

జూలై 12

మార్తా మెయిల్. వచ్చే నెల నుంచి ప్రతి గరిటెకూ చేసినామె పేరుతో చీటీ. నాణ్యతకు మార్కులు. అందరికంటే తక్కువ వచ్చిన ఒకరిని ప్రతి నెలా తీసేసి కొత్తవాళ్లను పెట్టాలి. మొదటి నెలే రమణమ్మ... ఆమె తర్వాత ఎవరు?

సుధాకర్ గారికి ఫోన్ చేశాను. "ఏమ్మా, చదువుకున్నదానివి, నీక్కూడా చెప్పాల్నా? గిరాకీ వాళ్లది. వాళ్లు ఎట్టంటే అట్ట."

చదువుకున్నాను కాబట్టే అడుగుతున్నాను — నోటి దాకా వచ్చి ఆగింది.

చేజర్ల నుంచి నాయన ఫోన్ చేస్తే సంగతి చెప్పాను. "మనింట్లో కుర్చీలో కూర్చోని పని చేసేది నువ్వొక్కదానివే. పెద్దోళ్లకి ఎదురు మాట్లాడబాక పాపా."

ఆ కుర్చీ కోసమే కాల్ రోజున నోరు మూసుకున్నాను.

జూలై 13

ఆదివారం. బట్టలు ఉతికాను. కోపం తగ్గలేదు.

జూలై 14, సోమవారం

ఫోటో తీశాను. రమణమ్మ చూసి తల దించుకుంది. ఖాసింబీ చోటు ఖాళీ. అటూ ఇటూ ఉన్నవాళ్లు ఎవరూ అందులోకి జరగలేదు.

సుధాకర్ గారికి చెప్పకుండా మార్తాకు నేరుగా మెయిల్ పంపాను. ఇంగ్లీషులో. ఏం రాశానో ఇక్కడ తెలుగులో పెట్టుకుంటున్నాను:

"మా దగ్గర ఒక గరిటె ఒకరిది కాదు. చీటీ మీద పేరు కావాలంటే షెడ్డు పేరు వేయండి. మార్కులు షెడ్డుకే ఇవ్వండి. ఎవరినైనా తీసేయక తప్పదంటే మొదటి పేరు నాది. బెస్ట్ ఎవరని అడిగారు. ఆమె ఇప్పుడు పనికి రావడం లేదు. ఎందుకు రావడం లేదో మీరు అడగండి, నేను చెబుతాను. శనివారం చీటీలు అచ్చుకు వెళ్తాయి. శుక్రవారం, పద్దెనిమిదో తేదీలోగా జవాబు ఇవ్వండి."