ఎర్ర అక్షరాలు రాని రోజు

జులై 8, మధ్యాహ్నం

మళ్లీ ఎర్రర్. అలాంటి ఫైలు లేదట. ఎడిటర్‌లో ఎడమ పక్క నా కళ్ల ముందే ఉంది. మనిషైతే అరిచేదాన్ని.

గంటన్నర తర్వాత తెలిసింది. టెర్మినల్ వేరే ఫోల్డర్‌లో నిలబడి వెతుకుతోంది. పక్కింట్లో కూర్చుని మా ఇంట్లో కుర్చీ లేదన్నట్టు.

కట్ట కమిటీ సెక్రటరీ కురువిళ సార్ రెండుసార్లు తొంగి చూశాడు. ఏం మోళే, ఏం తల్లీ, నీ పెట్టె అలక ఇంకా తీరలేదా అన్నాడు. నవ్వాను.

కట్టకి అవతల కాయల్, సముద్రంలో కలిసే పెద్ద సరస్సు నీళ్లు. ఇవతల, ఆ నీళ్లకంటే కిందుగా, పొలాలూ అరవై రెండు ఇళ్లూ. నిరుడు మూడుసార్లు కట్ట తెగుతోందని ఉత్తినే చర్చి గంట కొట్టారట. పొయ్యి మీద అన్నం వదిలేసి పరుగెత్తారట జనం. అందుకని ఈ ఏడు తీర్మానం చేశారు: గంట మోగినా కదలొద్దు, ఫోనుకి మెసేజ్ వస్తేనే కదలాలి.

ఆ మెసేజ్ పంపాల్సింది నా నలభై లైన్ల కంప్యూటర్ స్క్రిప్ట్.

జులై 10

ఒక లైను ముందు ట్యాబ్, కింది లైను ముందు స్పేస్‌లు. కంటికి రెండూ ఒకే ఖాళీ. కంప్యూటర్‌కి కాదు. పూట పోయింది.

జులై 11

నీళ్లు కొలిచేది భార్గవి చేచ్చి, ఊరందరికీ అక్క. కట్ట మీద ఇల్లు, వరండాలో కుట్టుమిషన్. పొద్దునా సాయంత్రం బ్లౌజులు కొలిచే టేపుతోనే కొలిచి నాకు ఫోన్ చేస్తుంది. ముప్పైనాలుగు. అంతే. తిన్నావా చేచ్చీ అనేలోపు కట్.

షీట్‌లో ‘నీళ్లు’ అన్న గడిలో ఆ అంగుళాలు వేస్తాను. నలభై దాటితే హెచ్చరిక వెళ్లేట్టు రాశాను.

జులై 13

తీసేసిన లైను మీదే ఎర్రర్ వస్తోంది. నిజంగా భయమేసింది. లేనిది ఎలా మాట్లాడుతుంది?

ఫైలు పేరు పక్కన చిన్న తెల్ల చుక్క. సేవ్ చెయ్యలేదు. నేను కొత్తది చూస్తున్నాను, అది పాతదాన్నే నడుపుతోంది.

జులై 14

నడిచింది! ఒక్క ఎర్ర అక్షరం లేదు. అరవై రెండు ఫోన్లకీ ‘క్షేమం’ అని వెళ్లింది. సార్ కర్రపెండలం, చేపల పులుసు తెప్పించాడు. మీ కొట్టాయం వాళ్లకి నీళ్లు తెలియకపోయినా చదువు తెలుసు అన్నాడు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

జులై 16

వాన. ఇరవైతొమ్మిది. క్షేమం.

జులై 17

వాన. ఇరవైరెండు. క్షేమం.

అంకె తగ్గుతోంది, వాన తగ్గడం లేదు. నిన్న పడవ రేవులో మూడు మెట్లు కనిపించాయి. ఇవాళ ఒకటే. తప్పు ఎక్కడో ఉంది. ఎర్రర్ వస్తే దాని వెంటపడి వెతికేదాన్ని. రావడం లేదు.

సార్‌తో అన్నాను. వచ్చినా ఏడుస్తావు, రాకపోయినా ఏడుస్తావు, నిన్ను చేసుకునేవాడు ఏమైపోతాడో అని నవ్వాడు.

జులై 18

పదిహేను. క్షేమం. నిద్ర లేదు.

జులై 19, సాయంత్రం 5, స్కూలు మేడ

పొద్దున ఏడింటికి ఫోన్. తొమ్మిది. ఇక ఉండలేక పడవలో చేచ్చి దగ్గరికి వెళ్లాను. ఎలా కొలుస్తావో చూపించమన్నాను. కట్ట అంచున వంగి టేపు కొస అక్కడ పట్టుకుని కిందికి వదిలింది. నీళ్లు తగిలేదాకా. తొమ్మిది అంగుళాల పొడి మట్టి.

అడుగు నుంచి కొలవవా అన్నాను. అడుగున ఎంతుంటే మనకేం మోళే, ఎంత మిగిలిందో కదా కావాలి, ఇక్కడ పాకే పిల్లని అడిగినా చెబుతుంది అంది. మరి నేను క్షేమం క్షేమం అని పంపుతుంటే ఎందుకు ఊరుకున్నావు? కంప్యూటర్ కదా, పైన డ్యామ్ తలుపులూ సముద్రం పోటూ అన్నీ చూసి చెబుతోందనుకున్నా అంది. తర్వాత టేపు చుట్టడం ఆపి నా మొహంలోకి చూసింది.

ఆఫీసుకి వచ్చి పడ్డాను. నలభై దాటితే అన్నచోట పదిహేనుకి తగ్గితే అని మార్చాను. నడిపాను. క్షేమం. మళ్లీ నడిపాను. క్షేమం. అప్పుడు కనిపించింది తెల్ల చుక్క.

సేవ్ చేసి నడిపేసరికి ఎర్ర అక్షరాలు. నెట్ లేదు. టవర్ పోయింది. అరవై రెండు ఫోన్లలో చివరగా చేరిన మాట నాదే. రెండుసార్లు చేరింది.

సార్‌కి చెప్పాను. చెప్పుల్లేకుండా చర్చికి పరుగెత్తి గంట కొట్టాడు. ఎవరూ బయటికి రాలేదు, తీర్మానం ఆయనదే. చేచ్చీ నేనూ ఇల్లిల్లూ తిరిగాం. ఔసేప్ తాత గుమ్మంలో నిలబడి ఫోను నా మొహం ముందు పెట్టాడు. క్షేమం అని ఉంది చూడు పిల్లా, దీన్ని నమ్మనా నిన్ను నమ్మనా అన్నాడు. అది రాసింది నేనే తాతా, తప్పు రాశాను అన్నాను. ఆయన లోపలికి కేకేసి ముసలమ్మని లేపాడు.

పదకొండున్నరకి, జనం ఈ స్కూలు మేడ ఎక్కాక, కట్ట తెగింది. ఆ చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. ఇంటిపేర్లు పిలిచి లెక్కపెట్టాం. అరవై రెండు ఇళ్ల వాళ్లూ ఉన్నారు. సార్ రెండోసారి పిలిచాడు. కుట్టుమిషన్ కోసం చేచ్చి ఏడవలేదు. టేపు మెడలోనే ఉంది.

ఎవరూ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

జులై 20

మేడ మెట్లు. పై నుంచి, ఇంకా మునగనివి.

ఆరింటికి తొమ్మిది. ఎనిమిదింటికి ఏడు. చేచ్చి దిగి చూసి చెబుతోంది, నేను రాస్తున్నాను.

పదింటికి ఆరు. మళ్లీ చూడమన్నాను.

ఆరు.