సమాధుల ఇసుకతో పట్టుకున్న నా బండిని బతికుండగానే ఇప్పించుట

తహశీల్దారు గారి సముఖమునకు,
దిబ్బలపాలెం కాపురస్తుడు, పాత పికప్ వ్యాను యజమాని, డ్రైవరు కూడా తానే అయిన కృపారావు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ కార్యాలయ ఆవరణలో నిలిపిన నా వ్యానును తిరిగి ఇప్పించుట, ఇవ్వని పక్షంలో కనీసం చావకుండా చూచుట గురించి.

తమకు మనవి చేయునది ఏమనగా, మొన్నటి వానలకు మా లూథరన్ సంఘం వారి సమాధులు కుంగిపోయినవి. ఏటా సమాధుల పండుగకు ముందు వాటి మీద కొత్త ఇసుక పోసి, సున్నం వేసి, పూలు పెట్టుకోవడం మా ఆచారం. మా అమ్మ సామ్రాజ్యం సమాధితో సహా అన్నిటికీ కలిపి బాపట్ల వైపు దిబ్బల నుంచి ఒక బండి ఇసుక తెస్తుండగా తమ ఆర్.ఐ. గారు ఆపి, "బిల్లేదయ్యా?" అన్నారు. "సమాధులకు బిల్లెవరిస్తారండి?" అన్నాను. అది ఎదురుమాట అయినది. బండి తమ ఆవరణకు చేరినది. పండుగ వెళ్లింది, క్రిస్మస్ కూడా వెళ్లింది. ఎప్పుడు వచ్చి అడిగినా "సార్ మీటింగులో ఉన్నారండి" అంటున్నారు.

ఆ బండి మీదే నా ఇల్లు గడుస్తుంది. మా ఊరి కూరగాయలు తెల్లారేసరికి తెనాలి మార్కెట్లో దించి, తిరుగుదారిలో రేపల్లె కొట్లకు సరుకు వేస్తాను. ఇప్పుడు రైతులు వేరే బండి మాట్లాడుకుంటున్నారు. ఇంకొన్నాళ్లు అక్కడే ఉంటే దాన్ని పాత ఇనుము వాడు కూడా బేరమాడతాడు. కావున దిగువ లోపములు గమనించ ప్రార్థన.

1. ఆర్.ఐ. గారు బండి నిలిపి, హ్యాండ్‌బ్రేకు బలమంతా పెట్టి లాగి వెళ్లినారు. ఉప్పుగాలి తగిలే చోట పాత బండికి అలా చేయరాదు. బ్రేకులు డ్రమ్ములకు పట్టేస్తాయి. గేరులో ఉంచి టైరుకు ఇటుక అడ్డం పెడితే చాలును. నేను బతిమాలగా అటెండరు పాండురంగారావు బ్రేకు దించి ఇటుక పెట్టాడు. ఆయనకు నా కృతజ్ఞతలు ఇంతటితో సరి.

2. ఎందుకనగా, రేడియేటరులో నీళ్లు తగ్గాయని చూసి, మేలు చేద్దామని తమ ఆఫీసు బోరు నీళ్లు పోసినది ఆయనే. ఆ నీళ్లు తమరు నోట పోసుకుంటారా? ఉప్పు నీళ్లు రేడియేటరును లోపలి నుంచి తినేస్తాయి. మంచినీళ్లలో కూలెంటు కలిపి పోయాలి.

3. ఇసుక దించకుండానే బండి నిలిపారు. బరువుకు కమాను పట్టీలు వంగి, బండి ఒక పక్కకు ఒరిగింది. తడి ఇసుక కింద తొట్టి రేకు తుప్పు పడుతోంది. దించండి మహాప్రభో అంటే, అది సాక్ష్యం అన్నారు. తీరా మొన్న వచ్చి చూస్తే సాక్ష్యం సగం లేదు! తమ కార్యాలయం మెట్ల ముందు నీళ్లు నిలిచే గుంటలో ఉంది. అయ్యా, మా అమ్మ మీద పోస్తే అక్రమమైన ఇసుక తమ బూట్ల కింద పోస్తే సక్రమమా? ఈ మాట అర్జీలో రాయొద్దని మా ఆవిడ కరుణశ్రీ అన్నది. రాశాను.

4. ఆఫీసు కప్పు కారుతోందని పాత ఫైళ్లు తెచ్చి నా క్యాబిన్‌లో పేర్చారు. వాటి కోసం ఎలుకలు వచ్చాయి. ఫైళ్లు రుచించలేదో ఏమో, వైర్లు కొరికాయి. దాంతో హారను దానంతటదే మోగడం మొదలుపెట్టింది. తమ మీటింగుకు భంగం కలిగిందని నన్ను పిలిపించి తిట్టారు. అది మోగీ మోగీ బ్యాటరీ దిగిపోయింది. నిలిపి ఉంచే బండికి బ్యాటరీ వైరు ఊడదీయండని మొదటిరోజే మొత్తుకున్నాను.

అయ్యా, నాకు ఒళ్లు మండుతోంది. తప్పు చేశానంటే నా మీద కేసు రాయండి, నన్ను కూర్చోబెట్టండి. అన్నం పెట్టే బండిని కళ్ల ముందే చంపుతుంటే చేతులు కట్టుకుని మనవి చేయడం ఇక నా వల్ల కాదు.

కావున రెండు మీటింగుల నడుమ ఒక్కసారి ఈ మొరను చిత్తానికి ఎక్కించుకొని, తగు ఉత్తర్వులు దయచేయవలెను.

ఇప్పటివరకు తమ విధేయుడు,
కృపారావు

తా.క. మడిచిన అర్జీని మళ్లీ విప్పి రాస్తున్నాను. ఇప్పుడే పాండురంగారావు ఫోను చేశాడు. "కృపారావన్నా, పైనుంచి పెద్ద సారొస్తున్నారంట. నీ బండుంటే ఆయన కారు గేట్లోకి పట్టదు. సెల్ఫు కొడితే టక్కుమంటంది గానీ లేవట్లేదు. నువ్వొచ్చి కాస్త పక్కకి తీద్దూ" అన్నాడు.

వస్తున్నాను. టైర్లకు గాలి పంపు నేనే తెచ్చుకుంటాను. తోయడానికి నలుగురిని తమ ఆఫీసు నుంచి ఏర్పాటు చేయించండి. పాత డీజిలు బండి కనుక, కీ తిప్పి, రెండో గేరులో వేసి, క్లచ్ తొక్కిపట్టి, బండి ఊపందుకోగానే వదిలితే లేస్తుంది. కానీ ఒక్క విషయం. అలా లేచిన ఇంజనును బ్యాటరీ ఎక్కేదాకా ఆపకూడదు. నేను మా ఇంటి వాకిట్లో ఆపుతాను.